అక్కడ వాడికి ఎన్నేళ్లు?

చిన్నప్పుడు నాకు చావంటే భయం ఉండేది కాదు. చావు లేకపోవడమంటే ఉండేది.

స్వర్గంలో ఎప్పటికీ హాయిగా ఉంటారని ఎవరి నోటో విన్నాను. చెప్పినవాళ్లు శుభవార్తలాగే చెప్పారు. నేను మాత్రం రాత్రి పడుకుని లెక్కలు వేసేవాణ్ని. అక్కడికి వెళ్లి వెయ్యేళ్లయింది. తర్వాత? ఇంకో వెయ్యేళ్లు. అవీ అయ్యాయి. తర్వాత? లక్ష ఏళ్లు, కోటి ఏళ్లు. ఆ తర్వాత కూడా ఇంకా ఉంటుంది. ఈ లెక్క ఎక్కడా తెగదని అర్థమయ్యేసరికి గుండె దడదడలాడేది, లేచి వెళ్లి అమ్మమ్మ పక్కన దూరేవాణ్ని. ఏమైందిరా అంటే ఏం చెప్పను? నరకమంటే భయపడే పిల్లలుంటారు గానీ స్వర్గమంటే వణికేవాణ్ని ఎవరు నమ్ముతారు?

ఒకసారి తాతయ్య దగ్గర బయటపడ్డాను. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. "స్వర్గం శాశ్వతమని నీకెవడు చెప్పాడ్రా? చేసుకున్న పుణ్యం ఖర్చయ్యేదాకానే అక్కడ. అయిపోగానే మళ్లీ కిందకే" అన్నాడు. గీత తెరిచి తొమ్మిదో అధ్యాయంలో "క్షీణే పుణ్యే మర్త్యలోకం విశంతి" అని వేలు పెట్టి చూపించాడు. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది. స్వర్గం నుంచి కూడా వెనక్కి వచ్చేయొచ్చన్నమాట! మర్నాడు ఈ సంగతి విని, పరలోకం లేదని తాతయ్యతో రోజూ వాదించే మాస్టారు తొడ చరిచి నవ్వారు. "చూశారా బావగారూ, మీ మనవడు మా పార్టీ."

తాతయ్య అక్కడితో ఊరుకుంటే బాగుండేది. "స్వర్గం సంగతి సరే, దాని పైన మోక్షం ఉంది. అది మాత్రం ఎప్పటికీ. అక్కడ నువ్వూ నేనూ అని విడివిడిగా ఉండం" అన్నాడు. భయం మళ్లీ మొదలైంది, ఈసారి ఇంకో రకంగా. నేనే లేకపోతే హాయిగా ఉండేదెవరు?

మాస్టారు మాకు చుట్టం కాదు. బళ్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. తాతయ్యను బావగారూ అనేవారు, అమ్మమ్మను చెల్లెమ్మా అనేవారు. ఆ వరస ఎలా కుదిరిందో ఎవరూ అడగలేదు. సాయంత్రమయ్యేసరికి వచ్చి వరండాలో కూర్చునేవారు. ఇద్దరి మధ్యా వాదన నేను పుట్టకముందే మొదలైంది. తాతయ్య లెక్కలో ఆత్మ ఉంది, పరలోకం ఉంది, ఎవరి ఖాతా ఎంతో తేల్చేవాడున్నాడు. మాస్టారి లెక్కలో ఇవేవీ లేవు. ఊపిరి ఆగితే అయిపోయింది, అంతే. గొంతులు పెరిగేవి, చేతులు ఊగేవి. ఒక్కసారి కూడా మాట్లాడుకోవడం మానలేదు. ఇప్పుడు ఫోన్లలో జరిగే వాదనలు చూస్తుంటే వాళ్లిద్దరూ తెగ గుర్తొస్తారు.

తాతయ్య అస్త్రం కఠోపనిషత్తు. "పోయిన మనిషి ఇంకా ఉన్నాడని కొందరంటారు, లేడని కొందరంటారు, నిజమేదో చెప్పు" అని నచికేతుడు యముణ్ని మూడో వరంగా అడుగుతాడు. కథ అక్కడికి రాగానే మాస్టారు అడ్డం పడేవారు. "దానికి యముడేమన్నాడు బావగారూ? ఈ విషయంలో దేవతలకే అనుమానం తీరలేదు, ఇంకేదైనా కోరుకో అన్నాడా లేదా? యముడే దాటెయ్యాలని చూసిన ప్రశ్నకు మీరింత ధీమాగా జవాబు చెప్పేస్తున్నారే!"

"పూర్తిగా వినవయ్యా. తర్వాత చెప్పాడుగా."

"పట్టుబడితే చెప్పాడు."

ఆ కథలోనే యముడు పిల్లవాడికి ఆశ చూపిస్తాడు. నూరేళ్లు బతికే కొడుకుల్నీ మనవల్నీ కోరుకో, నువ్వెన్ని శరత్తులు కావాలంటే అన్ని బతుకు అంటాడు. ఎంత బతికినా అది కొంచెమేనని కుర్రాడు కాదంటాడు. ఈ ఒక్క మాటను ఇద్దరూ చెరోవైపు లాగేవాళ్లు. చూశావా, ఎంతటి ఆయుష్షయినా చాలదు, అందుకే చావుకి అవతల ఉన్నదాన్ని అడిగాడు అని తాతయ్య. ఎంత పొడిగించినా చాలదంటే అసలు సంగతి పొడుగులో లేదన్నమాటేగా, మీరు మళ్లీ అనంతమంటూ దాన్నే పొడిగిస్తారేం అని మాస్టారు. ఎన్నో ఏళ్ల తర్వాత థామస్ నాగెల్ అనే తత్వవేత్త 1971లో రాసిన వ్యాసం చదువుతుంటే మాస్టారి గొంతే వినపడింది. డెబ్బై ఏళ్ల జీవితం అర్థరహితమైతే, అదే జీవితం అనంతంగా సాగితే అనంతంగా అర్థరహితం కాదా అని అడుగుతాడాయన. మాస్టారు ఆ వ్యాసం చదివి ఉండరు. లెక్కల మాస్టారు కదా, సున్నాను దేనితో హెచ్చించినా సున్నాయేనని ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

పరీక్షిత్తు సంగతి వస్తే మాత్రం నాకు పండగలా ఉండేది. ఏడు రోజుల్లో పోతావని తెలిసిన రాజు, గంగ ఒడ్డున కూర్చుని శుకుడి చేత భాగవతం చెప్పించుకుంటాడు. అప్పుడు శుకుడు ఖట్వాంగుడి మాట ఎత్తుతాడు. దేవతల తరఫున యుద్ధం చేసిన ఆ రాజు, నాకింకా ఎంత ఆయుష్షుందని వాళ్లనే అడిగితే ఒక్క ముహూర్తం అన్నారట. ముహూర్తమంటే రెండు గడియలు, అంటే 48 నిమిషాలు. ఆ 48 నిమిషాల్లో ఆయన భూమికి వచ్చి, అన్నీ వదిలేసి తరించాడు. నీకింకా ఏడు రోజులున్నాయి కదయ్యా అంటాడు శుకుడు. తెలియకుండా గడిచిపోయే బోలెడన్ని ఏళ్లకంటే తెలిసి గడిపిన ముహూర్తం మేలని కూడా అంటాడు.

"ఇది నా మాటే" అని మాస్టారు ఎగిరి గంతేసినంత పని చేసేవారు. "గడువు తెలిసింది కాబట్టి కూర్చున్నాడు. ఆయనకు చావే లేదని చెప్పి ఉంటే ఆ కథ వినేవాడా? రేపు విందాంలే అనేవాడు. ఆ రేపు ఎప్పటికీ వచ్చేది కాదు."

"గడువులోగా దేనికోసం కూర్చున్నాడో అదీ చూడు. ఏడు రోజులయ్యాక ఇంకేం లేదనుకుంటే వేటకే పోయేవాడు."

నిజం చెప్పాలంటే ఈ విషయంలో ఇద్దరూ గెలిచారని నా అభిప్రాయం. ఆ రోజుల్లో ఎవరు గట్టిగా అరిస్తే వాళ్లు గెలిచినట్టు.

తాతయ్యది ఉత్త నమ్మకమని ఎవరైనా అంటే నేనొప్పుకోను. ఆయన దగ్గర మాస్టారు జవాబు చెప్పలేని ప్రశ్న ఒకటుండేది. జీవితమంతా ఎవడికీ అపకారం చెయ్యనివాడు రోగాలతో తీసుకుని తీసుకుని పోతాడు. పదిమంది గొంతులు కోసినవాడు మెత్తటి పరుపు మీద నిద్రలో పోతాడు. ఇక్కడితో సరి అంటే ఈ ఇద్దరి లెక్కా ఒకటేనా? "నాకు స్వర్గం అక్కర్లేదు మాస్టారూ. వాడికి న్యాయం జరిగితే చాలు" అనేవాడు. మాస్టారు కాసేపు ఊరుకుని, న్యాయం కావాలని మనం కోరుకున్నంత మాత్రాన అది ఎక్కడో ఉందని కాదుగా, ఇక్కడే చేసుకోవాలి అనేవారు. అది సరైన జవాబే. కానీ ఆ పోయినవాడికి మాత్రం అందదు. ఆ సంగతి మాస్టారికీ తెలుసని ఆయన ముఖం చూస్తే తెలిసేది.

మాస్టారికి ఇష్టుడు ఎపిక్యురస్. క్రీస్తుకు పూర్వం 341లో పుట్టి 270లో పోయిన గ్రీకువాడు. మనం ఉన్నంతసేపూ చావు లేదు, చావు వచ్చాక మనం లేం, ఇద్దరం ఎదురుపడనే పడం, ఇక భయమెందుకు అన్నది ఆయన వాదన. పుట్టకముందు లేని కాలమంతా మనల్ని బాధపెట్టిందా, పోయాక వచ్చే కాలమూ అంతే అని ఆయన దారిలో నడిచిన రోమన్ కవి లుక్రీషియస్ ఇంకో మెట్టు ఎక్కించాడు. మాస్టారు ఈ రెండూ ఒక దమ్ములో చెప్పేసి, అవధానంలో పద్యం పూర్తి చేసినవాడిలా వెనక్కి వాలేవారు.

ఇలా ఒక సాయంత్రం ఆయన వెనక్కి వాలినప్పుడే అమ్మమ్మ మాట్లాడింది.

అమ్మమ్మకు కుట్టు మిషను ఉండేది. వరండాకి ఆనుకున్న గదిలో కిటికీ పక్కన. వీళ్ల వాదనంతా ఆ మిషను చప్పుడు మీదుగానే నడిచేది. ఆమె ఎప్పుడూ కల్పించుకోలేదు. ఆ రోజు మిషను ఆగింది. కిటికీలోంచే అడిగింది.

"అన్నయ్యగారూ, అక్కడ వాడికి ఎన్నేళ్లుంటాయంటారు?"

మా అమ్మకు పైన ఒక మగపిల్లాడు ఉండేవాడు. నాలుగేళ్లు నిండాక జ్వరం వచ్చి పోయాడు. ఇంట్లో ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తరు. పరలోకం లేదని గంటసేపు వాదించిన మనిషిని పట్టుకుని అక్కడ వాడికి ఎన్నేళ్లని అడిగింది అమ్మమ్మ. మాస్టారు నోరు తెరిచారు, మూశారు. తాతయ్య వైపు చూశారు. తాతయ్యే అందుకున్నాడు. ఆత్మకు వయసుండదు, పుట్టుకా చావూ లేనిదది అని మొదలుపెట్టాడు.

"వయసు లేనిదాన్ని నేనేం చేసుకుంటానండీ? నేను అడిగింది పిల్లాడి గురించి."

తాతయ్య ఇంకో దారి తొక్కాడు. బహుశా ఈపాటికి ఎక్కడో మళ్లీ పుట్టి ఉంటాడు, మంచి ఇంట్లోనే పుట్టి ఉంటాడు అన్నాడు. ఓదారుద్దామనే అన్నాడు పాపం. అమ్మమ్మ ముఖం అప్పుడు మారింది. "అయితే ఇంకొకరిని అమ్మా అంటుంటాడన్నమాట" అంది. మిషను మళ్లీ నడిచింది.

అప్పటికి నాకు పదేళ్లుంటాయేమో. ఆ మాటలో ఏముందో అప్పుడు పట్టుబడలేదు. ఇప్పుడు చూస్తే, నేను తర్వాత చదివిన పుస్తకాల్లో చాలా వాటికి తట్టని చిక్కు అక్కడుంది. చావు తర్వాత ఏదో ఒకటి ఉంటే చాలు, ఓదార్పు దొరికినట్టేనని మనం అనుకుంటాం. దొరకదు. మళ్లీ పుట్టాడంటే ఎదురుచూడ్డం లేదని అర్థం. పరబ్రహ్మలో కలిసిపోయాడంటే గుర్తుపట్టడానికి వాడంటూ మిగల్లేదని అర్థం. అక్కడే ఉన్నాడంటే, నాలుగేళ్లవాడిగానే అమ్మ లేకుండా ఉన్నాడా, పెరిగి పెద్దవాడై, ఎదురైతే ఎవరండీ మీరు అంటాడా? ఉంటే చాలదు. ఎలా ఉన్నాడన్నదే అసలు ప్రశ్న.

భాగవతం ఆరో స్కంధంలో చిత్రకేతూపాఖ్యానం ఉంది. తెలుగులో ఆ స్కంధం పోతనది కాదు, ఏర్చూరి సింగనది. లేక లేక పుట్టిన కొడుకు పోతే ఏడుస్తున్న చిత్రకేతు మహారాజు ఎదుట, నారదుడు ఆ పిల్లవాడి జీవుణ్ని వెనక్కి పిలుస్తాడు. ఇదుగో మీ అమ్మానాన్నలు, వచ్చి రాజ్యమేలుకో అంటాడు. ఆ జీవుడు, వీళ్లు ఏ జన్మలో నాకు అమ్మానాన్నలు అని అడుగుతాడు. ఎన్నో జన్మలు తిరిగాను, ఎవరికి ఎవరు ఏమవుతారు అని వెళ్లిపోతాడు. రాజుకు జ్ఞానోదయమవుతుంది. తాతయ్య ఒకసారి ఈ కథ అమ్మమ్మకు చెప్పాడట, ఆ పిల్లవాడు పోయిన కొత్తలో. సగంలో లేచి వెళ్లిపోయిందట. ఇంకెప్పుడూ ఆ కథ ఇంట్లో వినపడలేదు. ఇది అమ్మ నాకు చెప్పింది. తత్వంగా అది గొప్ప కథే, కాదనను. కానీ పోయిన కొడుకు నోట వినవలసిన మాటేనా అది?

అమ్మమ్మ పోయాక మిషను సొరుగు సర్దుతుంటే కొలతల పుస్తకం దొరికింది. పొడుగాటి రూళ్ల పుస్తకం, అట్టకు గుడ్డ కుట్టి ఉంది. బయటివాళ్ల కొలతలు ముందు పేజీల్లో, ఇంట్లోవాళ్లవి వెనక. పిల్లలకు తలా ఒక పేజీ. పొడవు, ఛాతీ, భుజం, చెయ్యి, మెడ. ఏటా ఒక వరస, పక్కన వయసు. అన్నీ సిరాతో. ఆ పిల్లాడి పేజీలో నాలుగో ఏటి వరస దాకా సిరా ఉంది. పొడవు 16, ఛాతీ 23.

ఐదో ఏటి వరస కూడా ఉంది. పెన్సిలుతో.

ఆరు, ఏడు, ఎనిమిది, అన్నీ ఉన్నాయి. కొన్ని అంకెలు రబ్బరుతో చెరిపి దిద్ది ఉన్నాయి. ఎందుకో వెంటనే అర్థం కాలేదు. తర్వాత పేజీ తిప్పి మావయ్య కొలతలు చూస్తే తెలిసింది. మావయ్య అందరికంటే చిన్నవాడు. వాడికి తొమ్మిదో ఏట ఎంత ఛాతీ వచ్చిందో చూసుకుని, అంతకుముందు అన్న పేజీలో ఊహించి వేసిన తొమ్మిదో ఏటి అంకెను సరిచేసింది. లేని పిల్లాడి కొలత తప్పు పోకూడదని. పద్నాలుగో ఏటి వరసలో పొడవు ఒక్కటే వేసి, మిగతా గళ్లు వదిలేసింది. ఆ తర్వాత ఏమీ లేదు. అక్కడ ఎందుకు ఆపిందో చెప్పేవాళ్లు ఎవరూ లేరు. అమ్మకు చూపిస్తే, "నాన్నకు ఇది తెలియదు" అంది.

ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు ఆమె దగ్గరే ఉందన్నమాట. వాడు పెరుగుతున్నాడు.

ఇది జరిగిన చాలా ఏళ్లకు ఆగస్టీన్ చేతికొచ్చాడు. ఉత్తర ఆఫ్రికాలో బిషప్పుగా ఉండి, 413కీ 426కీ మధ్య 'దేవుని నగరం' అని 22 భాగాల పెద్ద గ్రంథం రాశాడు. చివరి భాగంలో, చనిపోయినవాళ్లు తిరిగి లేచే రోజు గురించి జనం అడిగే ప్రశ్నలన్నీ ఓపిగ్గా తీసుకుంటాడు. అందులో పసిపిల్లల ప్రశ్న ఉంది. పసితనంలో పోయినవాళ్లు ఏ ఒడ్డూ పొడుగుతో లేస్తారు? ఆ చిన్న ఒంటితో కాదు, బతికి ఉంటే కాలం గడిచాక ఎంతవాళ్లయ్యేవారో అంతవాళ్లుగా లేస్తారు అంటాడు. ఎదుగుదల వాళ్లలో అప్పటికే దాగి ఉందట. చదువుతూ కుర్చీలోంచి లేచాను. పదహారు వందల ఏళ్ల కిందటి ఒక పండితుడూ మా అమ్మమ్మ పెన్సిలూ ఒకే మాట చెప్పడమా! ఆగస్టీన్ కొడుకు అదియోదాతుస్ కూడా ఇంకా ఇరవై నిండకుండానే పోయాడు. ఆ పేజీ రాసేటప్పుడు వాడు గుర్తుకు రాకుండా ఉంటాడా అని నాకనిపించింది. ఇది నా ఊహ, ఆయన అలా రాయలేదు.

వ్యాసుడి జవాబు వేరు. భారతం ఆశ్రమవాస పర్వంలో, యుద్ధమైపోయి పదహారేళ్లయినా ఈ రాజుకు కొడుకుల దిగులుతో నిద్ర లేదని గాంధారి వ్యాసుడితో చెప్పుకుంటుంది. ఆయన ఒక రాత్రి గంగలోంచి చచ్చినవాళ్లందరినీ పైకి రప్పిస్తాడు. దుర్యోధనుడు, కర్ణుడు, అభిమన్యుడు, ద్రౌపది కొడుకులు, అందరూ వస్తారు. ఎవరికి ఏ వేషం, ఏ జెండా, ఏ వాహనం ఉండేవో వాటితోనే వస్తారు. అంటే ఎలా పోయారో అలాగే. పెరగలేదు. పగలూ లేదు, కోపాలూ లేవు. రాత్రంతా తల్లులు, తండ్రులు, భార్యలు, అన్నదమ్ములు వాళ్లతో గడుపుతారు. తెల్లవారేసరికి అందరూ నీళ్లలోకి వెళ్లిపోతారు. భర్తలతో వెళ్లాలనుకున్న ఆడవాళ్లు కూడా గంగలో దిగుతారు.

ఒక్క రాత్రి. పదహారేళ్ల ఏడుపుకి వ్యాసుడు ఇచ్చింది అంతే. ఆ రాత్రితో దుఃఖం తీరిందని భారతం చెబుతుంది. చిన్నప్పుడు నన్ను వణికించిన అంతులేని ఏళ్లు అక్కడ ఎవరూ అడగలేదు.

నా మటుకు నాకు ఈ ప్రశ్న విడిపోయింది ఇక్కడే. బతుక్కి విలువ ఇచ్చేది గడువా, అనంతమా అని అడిగేటప్పుడు ఎవరి చావు గురించి అడుగుతున్నామో మనం చెప్పుకోం. నా చావు గురించయితే నేను పూర్తిగా మాస్టారి పక్షం. గడువుంది కాబట్టే ఇది చేసి అది వదులుకుంటున్నాను. ఈ మనిషితో ఉండిపోయి మిగతా దారులు మూసుకుంటున్నాను. అన్నిటికీ టైముంటే దేన్నీ ఎంచుకున్నట్టు కాదు. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1922లో రాసిన ఒక నాటకంలో, ఆయుష్షు పెంచే మందు తాగి మూడొందల ఏళ్లకు పైగా బతికిన గాయని ఒకామె ఉంటుంది. దేని మీదా మనసు నిలవదు. తన వంశంలో పుట్టినవాడే ఎదుట నిలబడి ప్రేమిస్తున్నానన్నా చలించదు. చివరికి ఆ మందు రాసి ఉన్న కాగితాన్ని ఒక అమ్మాయి కాల్చేస్తుంది. బెర్నార్డ్ విలియమ్స్ అనే ఇంగ్లీషు తత్వవేత్త ఆమెను ఆధారం చేసుకునే, అంతులేని బతుకు ఎవరికైనా చివరికి విసుగే అని 1973లో అచ్చయిన వ్యాసంలో వాదించాడు. నా చిన్నప్పటి భయానికి ఇంత పెద్ద సాక్షి దొరికినందుకు సంతోషించాను కూడా.

కానీ నీ చావు గురించి అడిగితే? అప్పుడు ఈ వాదనలన్నీ చేతికి అడ్డం వస్తాయి. నాలుగేళ్లకే పోబట్టి ఆ పిల్లాడి బతుక్కి అర్థం వచ్చిందని అమ్మమ్మతో అనగలమా? అన్నవాడు మనిషేనా? విలియమ్స్ చెప్పిన విసుగు కూడా ఆమె దగ్గర పనికిరాదు. ఆమె తన కోసం ఎక్కువ కాలం అడగలేదు. ఒకడి ఛాతీ కొలత అడిగింది. పరలోకం మీద ఆశంతా తమ కోసం దురాశ అని వెక్కిరించేవాళ్లను చూస్తే నాకు ఈ పుస్తకమే గుర్తొస్తుంది.

ఎపిక్యురస్ కూడా ఇక్కడికొచ్చేసరికి మెత్తబడ్డాడు. మూత్రాశయం బాధతో చివరి రోజున మంచం మీదున్నప్పుడు స్నేహితుడికి ఉత్తరం రాశాడట. నొప్పి భరించలేకుండా ఉంది, కానీ మనం పూర్వం మాట్లాడుకున్న మాటలు తలచుకుంటే కలిగే సంతోషం దానికి ఎదురు నిలుస్తోంది అని. అప్పటికే పోయిన తన స్నేహితుడు మెట్రోడోరస్ పిల్లల్ని చూసుకోమని కూడా రాశాడు. తనకూ మెట్రోడోరస్‌కూ జ్ఞాపకార్థంగా నెలనెలా ఇరవయ్యో తేదీన అందరూ కలవాలని వీలునామాలో పెట్టాడు. పోయాక ఏమీ లేదన్నవాడికి ఈ ఏర్పాట్లెందుకని తర్వాతివాళ్లు ఎగతాళి చేశారు. నాకు మాత్రం ఆయన మీద గౌరవం అక్కడే పెరిగింది.

తాతయ్య ఆఖరి రోజుల్లో కూడా మాస్టారు వస్తూనే ఉన్నారు. మాట్లాడే ఓపిక లేదు, అయినా తాతయ్య ఊరుకోలేదు. "ఏమోయ్ మాస్టారూ, నేను ముందెళ్లి చూస్తాగా. ఉంటే నువ్వు వచ్చాక చెబుతా, ఓడిపోయావని. లేకపోతే నువ్వు గెలిచినట్టే. కాకపోతే గెలిచావని నీకెవరూ చెప్పరు" అన్నాడు. నవ్వితే దగ్గు వచ్చింది. ఏ వైపునుంచి చూసినా తనకు నష్టం లేని పందెం కాశాడు. మాస్టారు దానికి ఏదో అనబోయి, కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు.

తాతయ్య పోయాక ఆయన రావడం మానేస్తారనుకున్నాం. మానలేదు. అదే వేళకు వచ్చేవారు. కొన్నాళ్లు ఊరికే కూర్చుని వెళ్లిపోయేవారు. వాదించడానికి ఎవరూ లేరు. నేను అప్పటికి కాలేజీలో ఉన్నాను, సెలవులకు వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి అని రెచ్చగొట్టేవాణ్ని. ఒకసారి, పోయాక ఏమీ ఉండదు కదండీ మాస్టారూ, మీరన్నదే నిజం అన్నాను, ఆయన్ని సంతోషపెడదామని.

"అంత తేలిగ్గా తేల్చేస్తావేం?" అని లేచి కూర్చున్నారు. నచికేతుడి దగ్గర మొదలుపెట్టారు. దేవతలకే అనుమానం తీరలేదంటే అది ప్రశ్న గొప్పతనమే గానీ జవాబు లేదని కాదన్నారు. అపకారం చెయ్యనివాడి లెక్కా గొంతులు కోసినవాడి లెక్కా ఒకటేనా అన్నారు. పరీక్షిత్తు దేనికోసం కూర్చున్నాడో చూడమన్నారు. తాతయ్య వాదన మొత్తం, తాతయ్య ఎక్కడ తడబడేవాడో అక్కడ తడబడకుండా, వరసగా చెప్పుకొచ్చారు. నాకు నోట మాట రాలేదు.

"మీరు మారిపోయారా మాస్టారూ?"

"నేనెక్కడ మార్రా? ఆ పక్షం చెప్పేవాడు లేకపోతే ఎలా? ఆయనైతే ఇలా అనేవాడని చెబుతున్నా."

లోపల మిషను ఆగింది. "ఆయన ఇంత బాగా చెప్పేవారు కాదులెండి అన్నయ్యగారూ" అంది అమ్మమ్మ.